బంజారాహిల్స్: చుట్టాలు, కొత్తగా వచ్చినవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ వచ్చిన చుట్టాలకు చార్మినార్, గోల్కొండ చూపించి, సాయంత్రం బంజారాహిల్స్ మీదుగా ఇంటికి తీసుకొస్తుంటే కారులో ప్రశ్నలు మొదలవుతాయి. "హీరోల ఇళ్లెక్కడ?" అని మొదలుపెట్టి "ఇక్కడ గజం ఎంతుంటుంది?" దగ్గర ఆగుతారు. మధ్యలో మంచి ప్రశ్నలూ కొన్ని వస్తాయి. ఈ గుట్ట వాలులోని బస్తీల్లో అద్దెకుంటూ ఏళ్ల తరబడి చెప్పిన జవాబులే మళ్లీ మళ్లీ చెబుతున్నాను కాబట్టి ఒకచోట రాసి పెట్టాను. మీకు ఏ ప్రశ్న కావాలంటే దానికే వెళ్లండి. గజం రేటు మాత్రం ఇందులో లేదు.

## ముందు దారి తెలియాలిగా

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ రెండూ ఒకటేనా?

పక్కపక్కనే ఉంటాయి గానీ వేరు వేరు. మాసాబ్‌ట్యాంక్ నుంచో పంజాగుట్ట నుంచో ఎక్కితే ముందు బంజారాహిల్స్ తగులుతుంది. ఇంకా పడమరకు పోతే జూబ్లీహిల్స్. రెండింటి మధ్య కేబీఆర్ పార్కు ఉంది. బంజారాహిల్స్‌లో నిజాం కాలంలోనే బంగళాలు లేచాయి. జూబ్లీహిల్స్ 1960లలో హౌసింగ్ సొసైటీ పెట్టి ప్లాట్లు వేస్తే పుట్టింది. పిన్‌కోడ్‌లు కూడా వేరు: బంజారాహిల్స్‌ది 500034, జూబ్లీహిల్స్‌ది 500033. రెవెన్యూ కాగితాల్లో చూస్తే రెండు చోట్లా షేక్‌పేట పేరు కనిపిస్తుంది. అద్దాల మేడలో ఉన్నవాళ్లయినా సేల్ డీడ్ తీస్తే అందులో ఉండేది ఆ పాత ఊరి పేరే.

రోడ్ నంబర్ 10 అన్నారు, మేం ఇంకెక్కడో తేలాం. ఏంటీ గందరగోళం?

బంజారాహిల్స్‌కు ఓ రోడ్ నంబర్ 10 ఉంది. జూబ్లీహిల్స్‌కు ఇంకో రోడ్ నంబర్ 10 ఉంది. ఒకటి, రెండు నంబర్లదీ అదే తంతు. కాలనీలు వేరు వేరుగా పుట్టాయి, ఎవరి లెక్క వాళ్లు ఒకటి నుంచి మొదలుపెట్టుకున్నారు. బంజారాహిల్స్ రోడ్లు 14తో ఆగిపోతాయి. జూబ్లీహిల్స్‌లో 36, 45 దాటి ఇంకా పోతూనే ఉంటాయి. కాబట్టి 36 అంటే అనుమానం లేదు, 10 అంటే మాత్రం "ఏ హిల్స్?" అని అడగాల్సిందే.

నేను అడగకుండా ఓసారి దెబ్బతిన్నాను. స్నేహితుడి చెల్లెలి నిశ్చితార్థం కార్డులో రోడ్ నంబర్ చూశాను, కింది లైను చూడలేదు. ఆటో అతను జూబ్లీహిల్స్ తీసుకెళ్లాడు. ఆ గేటూ ఈ గేటూ అడుగుతూ ముప్పావుగంట తిరిగాం. వాచ్‌మన్‌లందరూ ఎంతో మర్యాదగా "ఇది కాదు సార్" అన్నారు. చివరికి చేరేసరికి పెరుగన్నం వడ్డిస్తున్నారు. గులాబ్‌జాములు అయిపోయాయి.

ఇది నిజంగా గుట్టేనా? కారులో పోతుంటే అంత ఎత్తేం అనిపించదే?

నగరం సగటున సముద్ర మట్టానికి 542 మీటర్ల ఎత్తులో ఉంటే బంజారాహిల్స్‌లో అది 672 మీటర్ల దాకా పోతుంది. కారుకు తెలియదు, సైకిల్‌కు బాగా తెలుస్తుంది. గ్యాస్ బండ మోసుకుంటూ నందినగర్ సందుల్లో ఎక్కే కుర్రాడికి ఇంకా బాగా తెలుస్తుంది.

వర్షం పడిన రోజు వస్తే మీకూ అర్థమవుతుంది. కింద అంతా బండ కాబట్టి నీళ్లు ఇంకడం తక్కువ, దొర్లిపోవడం ఎక్కువ. పైన పావుగంట వాన దంచితే కింద రోడ్ నంబర్ 1 వైపు మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. హుస్సేన్‌సాగర్‌లో కలిసే నాలుగు పెద్ద నాలాల్లో ఒకదాని పేరు బంజారా నాలా. ఈ గుట్ట మీద కురిసిన వాన ట్యాంక్‌బండ్‌కు పోయే దారి అదే. ఆ నాలా మీద ఎంత ఇరుకుగా ఇళ్లు లేచాయో చూస్తే కింద నీళ్లెందుకు నిలుస్తున్నాయో ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.

## పేరు, పాత కథ

బంజారాహిల్స్‌లో నిజంగా బంజారాలు ఉండేవాళ్లా?

ఉండేవాళ్లు. ఆ పేరు వాళ్లదే. మనం లంబాడీలంటాం, వాళ్లు తమను తాము గోర్ అంటారు, మాట్లాడేది గోర్ బోలీ. రైళ్లు రాకముందు ఉప్పు, ధాన్యం దేశమంతా తిప్పింది వీళ్ల ఎద్దుల మందలే. మొఘల్ సైన్యాలు దక్కన్ మీదికి వచ్చినప్పుడు వాటికి తిండి గింజలు మోసిందీ వీళ్లే. రైలు వచ్చి ఆ వ్యాపారాన్ని మింగేశాక చాలామంది తండాలు వేసుకుని పశువులు, వ్యవసాయం, కూలి పనుల మీద బతికారు. నగరం అంచున ఉన్న ఈ బండల గుట్టల మీద వాళ్ల గుడిసెలుండేవి, వాళ్ల పశువులు మేసేవి.

తర్వాత పేరు మిగిలింది, మనుషులు జరిగిపోయారు. ఇక్కడ ఓ విచిత్రం చెప్పాలి. రోడ్ నంబర్ 10లో సేవాలాల్ బంజారా భవన్ ఉంది, దాని పక్కనే కుమ్రం భీమ్ ఆదివాసీ భవన్. 2022 సెప్టెంబర్ 17న రెండింటినీ అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రారంభించారు. బంజారాల పేరు పెట్టుకున్న కొండ మీద బంజారాల పేరిట ప్రభుత్వ భవనం రావడానికి అన్నేళ్లు పట్టింది. ఆ వైపు వెళ్తే ఒకసారి ఆగి చూడండి.

ఇక్కడ మొదట ఇల్లు కట్టుకున్న నవాబు ఎవరు?

మెహదీ నవాజ్ జంగ్. నిజాం ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగి. పాతబస్తీ చుట్టూ, మూసీ చుట్టూ ఉండే నగరానికి 1908 సెప్టెంబర్ వరద పెద్ద దెబ్బ కొట్టింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో డబ్బున్నవాళ్లు ఖాళీ జాగాల వైపు చూడటం మొదలుపెట్టారు. అయినా ఈ రాళ్ల గుట్టల్ని ఎవరూ పట్టించుకోలేదు. నీళ్లు లేవు, రోడ్డు లేదు, తవ్వితే బండ. ఆయన మాత్రం ఇక్కడే భూమి తీసుకుని ఇల్లు కట్టారు, తన తరహా మనుషుల్ని కూడా రమ్మన్నారు.

కట్టిన తీరే విశేషం. బండల్ని కొట్టి చదును చేయకుండా వాటి మధ్య ఇల్లు ఇరికించారు. ఎక్కడ రాయి అడ్డమొస్తే అక్కడ అదే గోడ. గదిలోకి చొచ్చుకొచ్చిన బండను అలాగే ఉంచేశారు. ఆ ఇంటికి ఆయన పెట్టుకున్న పేరు కూడా బంజారా భవనే.

ఆయన తర్వాత మంత్రిగా చేశారు. 1960లో గుజరాత్ రాష్ట్రం ఏర్పడినప్పుడు దాని మొదటి గవర్నర్ ఆయనే. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి తెలియని కుటుంబం తెలంగాణలో తక్కువ. ఆ మూడక్షరాలు ఈయన పేరే అని తెలిసినవాళ్లు ఇంకా తక్కువ.

రవీంద్రనాథ్ టాగూర్ ఇక్కడ ఉన్నాడంటారు, నిజమా లేక గైడ్లు చెప్పే కథా?

నిజమే. 1933లో హైదరాబాద్ వచ్చినప్పుడు మెహదీ నవాజ్ జంగ్ అతిథిగా ఈ గుట్ట మీద ఉన్నారు. అప్పుడు కిటికీ తీస్తే కనపడేవి బండలు, తుమ్మ చెట్లు, సీతాఫలం పొదలు, దూరంగా నగరం. ఈ చోటు మీద ఆయన ఓ కవిత కూడా రాశారు, పేరు "కోహ్‌సార్". కొండల వరస అని అర్థం, ఉర్దూలోకి ఫార్సీ నుంచి వచ్చిన మాట. బెంగాలీ కవి, ఫార్సీ పేరు, తెలుగు నేల మీద లంబాడీల గుట్ట. హైదరాబాద్ అంటే ఏంటని ఎవరైనా అడిగితే నేను ఈ ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాను.

కేబీఆర్ పార్కులో నిజాం ప్యాలెస్ ఉందట, అదేంటి?

చిరాన్ ప్యాలెస్. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1967లో చనిపోయాక వారసుడైన మనవడు ముకర్రం జాదే ఆ ప్యాలెస్. ఫలక్‌నుమా లాంటిది ఊహించుకుని వస్తే నిరాశపడతారు. ఓ బంగళా అది, అంతే. ముకర్రం జా కొన్నేళ్లకే ఆస్ట్రేలియా వెళ్లిపోయి అక్కడ గొర్రెల ఫారం పెట్టుకున్నారు. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూశారు.

ఆయన దూరంగా ఉండటం అడవికి మేలు చేసిందని నా లెక్క. కంచె లోపల చెట్లు, నెమళ్లు మిగిలాయి. 1998లో 350 ఎకరాలకు పైగా ఉన్న ఈ చోటును జాతీయ పార్కుగా ప్రకటించి మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టారు. పులులు, సింహాలు లేవు. అవి ఉన్నాయనుకుని బైనాక్యులర్‌తో వచ్చిన మా మేనమామకు ముంగిస కనపడింది.

## సొసైటీలు, స్టూడియోలు

జూబ్లీహిల్స్ ఎలా పుట్టింది?

1960లలో చల్లగళ్ల నరసింహారావు చొరవతో జూబ్లీహిల్స్ కో-ఆపరేటివ్ హౌస్ బిల్డింగ్ సొసైటీ మొదలైంది. అప్పటికి అది ఊరి బయట. సభ్యత్వం తీసుకోమంటే "ఆ రాళ్లల్లో ఎవరుంటారండీ" అని నవ్వినవాళ్ల కథలు హైదరాబాద్‌లో ప్రతి పాత కుటుంబంలోనూ ఒకటి ఉంటుంది. మా ఓనర్ గారి నాన్నగారూ నవ్వారట. ఆయన ఆ రోజు నవ్వి ఉండకపోతే నేను అద్దె కడుతున్నది ఈయనకు కాదేమో.

సినిమావాళ్లంతా ఈ కొండ మీదికే ఎందుకు వచ్చారు?

జాగా, ప్రభుత్వ ప్రోత్సాహం, అక్కినేని పట్టుదల. తెలుగు సినిమా చాలాకాలం మద్రాసులోనే ఉంది. హైదరాబాద్‌లో సారథీ స్టూడియో అమీర్‌పేటలో అప్పటికే ఉన్నా, పరిశ్రమ మకాం మారలేదు. అక్కినేని నాగేశ్వరరావు గారు ఈ గుట్టల మీద 22 ఎకరాల్లో అన్నపూర్ణ స్టూడియోస్ కట్టారు. 1976 సంక్రాంతికి అది ప్రారంభమైంది. బండలు, ముళ్లపొదలు తప్ప ఏమీ లేని చోట స్టూడియో ఏంటని అప్పట్లో చాలామంది అనుకున్నారు. తర్వాత కృష్ణ గారి పద్మాలయా, 1989లో రామానాయుడు స్టూడియోస్ వచ్చాయి. స్టూడియో ఉన్నచోట పనిచేసేవాళ్లు, వాళ్ల ఇళ్లు, వాళ్ల కోసం హోటళ్లు వస్తాయి. ఫిల్మ్‌నగర్ అలా పెరిగింది.

ఓ మాట. కెమెరా ముందు ఉన్నవాళ్ల ఇళ్లనే అందరూ వెతుకుతారు. లైట్‌బాయ్‌లు, మేకప్‌వాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు చాలామంది ఉండేది వాలు దిగాక వచ్చే కృష్ణానగర్, యూసఫ్‌గూడ వైపు. తెల్లవారుజామున అక్కడ టీ బడ్డీల దగ్గర నిలబడితే షూటింగ్ వ్యాన్ల కోసం ఎదురుచూసే గుంపులు కనిపిస్తాయి. నన్నడిగితే సినిమా చూడాల్సిన చోటు అదే.

ఎన్టీఆర్ ఇల్లు కూడా ఇక్కడేనా?

అవును, చివరి రోజుల్లో బంజారాహిల్స్ రోడ్ నంబర్ 13లో ఉన్నారు. 1996 జనవరి 18న ఆ ఇంట్లోనే కన్నుమూశారు. ఆయన భార్య బసవతారకం గారి పేరిట ఏర్పడిన క్యాన్సర్ ఆస్పత్రి కేబీఆర్ పార్కుకు ఎదురుగా ఉంది. 2000 జూన్‌లో ప్రధాని వాజ్‌పేయి దాన్ని ప్రారంభించారు.

కళ్ల ఆస్పత్రికి ఎల్.వి. ప్రసాద్ పేరెందుకు? ఆయన డైరెక్టర్ కదా?

ఆయన పేరే. దర్శకుడు, నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుటుంబం ఐదెకరాల భూమి, కోటి రూపాయలు ఇచ్చింది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు అమెరికా నుంచి వచ్చి 1987లో ఆస్పత్రి నడపడం మొదలుపెట్టారు. డబ్బు కట్టలేనివాళ్లకు ఉచితంగా చూస్తారు. కాబట్టి ఖరీదైన ఈ కొండ మీద పొద్దున్నే సంచులు పట్టుకుని, పంచెలు కట్టుకుని దిగే పల్లె జనం రోజూ కనపడతారు.

హైటెక్ సిటీ వచ్చాక ఏం మారింది?

1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేదాకా జూబ్లీహిల్స్ నగరానికి చివర. ఆ తర్వాత పాత నగరానికీ కొత్త నగరానికీ మధ్యన పడింది. కొండ ఎక్కి ఇంటికి వచ్చే రోడ్లన్నీ కొండ దాటి ఆఫీసుకు పోయే రోడ్లయ్యాయి. కింది అంతస్తులు బట్టల షాపులు, కాఫీ షాపులు అయ్యాయి. 2019లో మెట్రో హైటెక్ సిటీ దాకా పోయింది, 2020 సెప్టెంబర్‌లో దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరుచుకుంది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర సాయంత్రం ఆరింటికి ట్రాఫిక్ అప్పుడెలా ఉండేదో ఇప్పుడూ అలాగే ఉంది.

## బండల సంగతి

ఒకదాని మీద ఒకటి ఆ బండల్ని ఎవరు పేర్చారు?

ఎవరూ పేర్చలేదు. ఇది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. భూమి లోపల చల్లబడి గట్టిపడిన రాయి. పైనున్న పొరలు కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయేసరికి బరువు తగ్గి రాయికి నిలువుగా, అడ్డంగా పగుళ్లొచ్చాయి. పగుళ్లలోకి నీళ్లు దిగి అంచుల్ని, మూలల్ని మెల్లగా తినేశాయి. మూలకు మూడు వైపుల నుంచీ దెబ్బ తగులుతుంది కాబట్టి అది ముందు అరుగుతుంది, పెట్టెలా ఉన్న రాయి గుండులా మారుతుంది. చుట్టూ ఉన్న మెత్తటి మట్టి వానకు పోయాక, ఎవరో తీరిగ్గా నిలబెట్టినట్టు గుండ్లు మిగిలాయి.

మరి అవన్నీ ఏమయ్యాయి? ఇప్పుడు పెద్దగా కనపడవేం?

మన ఇళ్ల పునాదుల్లో ఉన్నాయి. మిగతావి కంకరై రోడ్ల కింద ఉన్నాయి. మొదట వచ్చినవాళ్లు బండను బట్టి ఇల్లు కట్టారు. తర్వాత వచ్చినవాళ్లు ప్లాన్‌ను బట్టి బండను కొట్టారు. సెల్లార్‌లో రెండు కార్లు పట్టాలంటే రాయి పోవాల్సిందే.

మా సందు చివర ఓ బండ పోవడం నేను దగ్గరగా చూశాను. రెండు లారీల ఎత్తుంటుంది. ముందు దాని వీపు మీద సుద్దతో గీత గీశారు. గీత వెంట జానెడు దూరానికొకటి చొప్పున డ్రిల్లుతో బెజ్జాలు వేశారు. ఒక్కో బెజ్జంలో ఇనప మేకు దిగేసి ఈ చివర నుంచి ఆ చివరికి సమ్మెటతో వరసగా కొట్టుకుంటూ పోయారు. రెండో రోజు మధ్యాహ్నం పెద్దగా చప్పుడేం లేకుండా, గుడ్డ చిరిగినట్టు సన్నటి శబ్దంతో విడిపోయింది. లోపలి రాయి గులాబీ రంగులో, తడి తడిగా మెరిసింది. పాలమూరు నుంచి వచ్చిన ఆ పనివాళ్లలో పెద్దాయన చెయ్యి పెట్టి చూసి, "మంచి రాయి బిడ్డా" అన్నాడు. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్ ఉంది. సెల్లార్‌లోకి దిగితే వెనక గోడ బండే. సగానికి చీలిన ఆ బెజ్జాల గాట్లు వరసగా కనపడతాయి.

బండల్ని కాపాడాలని 1996 నుంచి "సొసైటీ టు సేవ్ రాక్స్" అనే సంస్థ పనిచేస్తోంది. వాళ్ల వల్ల నగరం చుట్టుపక్కల కొన్ని మిగిలాయి.

ఇక్కడ ఉండేవాళ్లంతా కోటీశ్వరులేనా?

అలా అనుకునేవాళ్లు మెయిన్ రోడ్డు దిగి చూడలేదన్నమాట. నందినగర్, ఎన్‌బీటీ నగర్, ఇబ్రహీంనగర్, జహీరానగర్ అన్నీ బంజారాహిల్స్‌లోనే ఉన్నాయి. బంగళాలు కట్టడానికి వచ్చినవాళ్లు, వాటిలో వంట చేసేవాళ్లు, డ్రైవర్లు, తోటమాలులు ఎక్కడుండాలి మరి? ఎండాకాలం వచ్చిందంటే నీళ్ల ట్యాంకర్ కోసం రెండువైపులా ఒకే టెన్షన్. బంగళా సంపులోకి ట్యాంకర్ మొత్తం దిగుతుంది, బస్తీలో ఒక్కో ఇంటికి ఇన్ని బిందెలని లెక్క. ఆషాఢంలో బోనాలప్పుడు మాత్రం రోడ్డు బస్తీది. డప్పు మోగుతుంటే పెద్ద కార్లు కూడా హారన్ కొట్టకుండా ఆగుతాయి.

## వచ్చి చూడాలంటే

ఒక్కరోజే ఉంది. ఏం చూడొచ్చు?

తెల్లారగానే కేబీఆర్ పార్కు. లోపలికి వెళ్లే వేళలు వాకర్లకు వేరు, టికెట్ కొనేవాళ్లకు వేరు, గేటు దగ్గర బోర్డు చూసుకోండి. కుదరకపోతే కంచె వెంట బయట నడకదారి ఉంది, నెమళ్ల అరుపులు అక్కడికీ వినపడతాయి. పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టాలన్నప్పుడు 2016లో జనం వచ్చి నిలబడింది ఈ నడకదారి మీదే.

ఎండ ఎక్కేలోపు ఎమ్మెల్యే కాలనీ దగ్గర లోటస్ పాండ్ చుట్టూ ఓ రౌండ్ వేయండి. చిన్న చెరువు, నీటికోళ్లు, పక్కన బండలు. సాయంత్రం రోడ్ నంబర్ 1 వెనక సందులో ఉన్న లామకాన్‌కు రండి. అది ఒకప్పుడు ఇల్లు. 2010 నుంచి నాటకాలు, చర్చలు, పాటలు, అన్నిటికీ తెరిచిన చోటు. ఆరుబయట వేదిక వెనక పెద్ద బండ అలాగే నిలబడి ఉంటుంది. సమోసా, చాయ్ తీసుకుని మెట్ల మీద కూర్చోండి.

గుళ్లు ఏమైనా ఉన్నాయా? అమ్మ అడుగుతోంది.

జూబ్లీహిల్స్‌లో పెద్దమ్మ గుడి, మెట్రో స్టేషన్‌కు కూడా ఆ పేరే పెట్టారు. ఆదివారం రద్దీ ఎక్కువ. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12లో ఒడిశావాళ్లు కట్టుకున్న జగన్నాథ ఆలయం ఉంది, రాతి చెక్కడం చూడదగ్గది. అదే రోడ్డు మీద హరేకృష్ణ స్వర్ణ దేవాలయంలో నరసింహస్వామి బండలోనే వెలిశాడంటారు. అమ్మ మోకాళ్లు నొప్పులంటే పెద్దమ్మ గుడికే తీసుకెళ్లండి, మెట్రో లిఫ్ట్ దిగితే దగ్గర.

సరే, హీరోల ఇళ్లు చూపిస్తారా లేదా?

చూపిస్తాను. ఎత్తైన గోడ, నల్ల గేటు, సీసీ కెమెరా, వాచ్‌మన్. అన్నీ అలాగే ఉంటాయి కాబట్టి ఏది ఎవరిదని చెప్పినా మీరు నమ్మాల్సిందే. మా పెద్దమ్మకు ఓసారి ఓ డెంటిస్ట్ ఇల్లు చూపించి హీరో పేరు చెప్పాను. ఆవిడ గేటు దగ్గర ఫోటో దిగి ఊరంతా చూపించుకుంది.